గౌను మీద నూనె మరక

పోయిన వారం మా అమ్మాయి హైస్కూల్ అయిపోయింది. డాలస్ దగ్గర ఫుట్‌బాల్ స్టేడియంలో గ్రాడ్యుయేషన్. మే నెలాఖరు కదా, సాయంత్రం ఏడైనా ఎండ తగ్గలేదు.

పేరు ఎలా పలకాలో ముందే కార్డు మీద రాసివ్వమన్నారు. మా ఇంటిపేరుని ముక్కలుగా విడగొట్టి రాసిచ్చింది. అయినా మైకులో సగం మింగేశారు. "పర్లేదమ్మా, పదమూడేళ్ల అలవాటేగా" అని కింద కుర్చీలోంచే మెసేజ్ పెట్టింది.

నా పదో తరగతి రిజల్ట్ పేపర్లో వచ్చింది. తెనాలి బస్టాండ్ దగ్గర నిలబడి, హాల్‌టికెట్ నంబర్ మీద వేలు పెట్టి నాన్న రెండుసార్లు చూసుకున్నారు. ఇంటికెళ్లాక అమ్మ పరమాన్నం వండింది. అంతే మా వేడుక.

ఇక్కడ రెండేళ్లుగా ఇంట్లో ర్యాంకు గోలే. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో మాత్రం ఆ గీత ఇంకా పైన. ఎంసెట్ టెన్షన్ దాటొచ్చామనుకున్నాను, పిచ్చిదాన్ని!

చదువు పూర్తయిన గుర్తుగా టోపీ కుచ్చు కుడి నుంచి ఎడమకి మార్చుకుని అందరూ కేకలు పెట్టారు. నేను ఫోన్‌లో వీడియో నొక్కడం మర్చిపోయాను.

ఇంటికొచ్చి గౌను విప్పకుండానే ఆవకాయన్నం తింది. చేతి దగ్గర నూనె మరక. రెండుసార్లు ఉతికినా పోలేదు.