వార్డు డ్యూటీ చేస్తూనే నార్‌సెట్: జూనియర్ల కోసం నాలుగు మాటలు

మా కాలేజీ జూనియర్లు ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: "అక్కా, ఉద్యోగం మానేసి కోచింగ్‌కి వెళ్లిపోమంటావా?" వద్దనే చెప్తాను. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో షిఫ్టులు చేస్తూనే నార్‌సెట్ (ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి పెట్టే పరీక్ష) రాశాను, ర్యాంకు తెచ్చుకున్నాను. ఆన్‌లైన్ క్లాసులు నేనూ విన్నాను, కాదనను. కానీ మార్కులు తేల్చే ప్రశ్నలు వార్డులోంచే వస్తాయి.

ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) కేసుకి మెగ్‌సల్ఫ్, అంటే మెగ్నీషియం సల్ఫేట్ డ్రిప్ నడుస్తుంటే మా లేబర్ రూమ్ సిస్టర్ మూడు చూడమనేవారు: మోకాలి జెర్క్ వస్తోందా, శ్వాస తగ్గుతోందా, గంటకి 30 మి.లీ. మూత్రమైనా వస్తోందా. ట్రేలో దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ లేకపోతే మందు మొదలెట్టనిచ్చేవారు కాదు. ఇదే పరీక్షలో "జెర్క్ రావడం లేదు, ముందు ఏం చేస్తారు?" అని వస్తుంది. డాక్టరుకి చెప్పడం, గ్లూకోనేట్ సిద్ధం చేయడం, అన్నీ సరైనవే అనిపిస్తాయి. ముందు ఇన్ఫ్యూజన్ ఆపాలి. చేత్తో చేసినవాళ్లకి ఈ వరుస తడబడదు.

డయాలసిస్ సంగతీ అంతే. ఉద్దానం కిడ్నీ జబ్బు వల్ల మన దగ్గర ఆ యూనిట్లకి కొదవ లేదు. పలాస, సోంపేట వైపు పోస్టింగ్ పడితే దూరమని ముఖం ముడుచుకోకండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) మీద వేళ్లు ఆనించి థ్రిల్ అనే అదురు చూడటం, స్టెత్‌తో బ్రూయి అనే రక్తం పారే శబ్దం వినడం, ఆ చేతికి బీపీ కఫ్ కట్టకపోవడం పుస్తకంలో ఒక పేజీ. అక్కడ రోజూ కళ్లముందే.

ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. 80 నర్సింగ్, మిగతా 20 జీకే, ఆప్టిట్యూడ్. తప్పుకి మూడోవంతు మార్కు పోతుంది, కాబట్టి గుడ్డిగా టిక్ పెట్టకండి. డ్రిప్ లెక్కలు మాత్రం వదలొద్దు. 500 మి.లీ. నాలుగు గంటల్లో పోవాలి, సెట్ మి.లీ.కి 15 చుక్కలది అనుకోండి: 500ని 15తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 31 చుక్కలు. నైట్ డ్యూటీలో ప్రతి బాటిల్‌కీ ఇలా లెక్కేసుకుంటే వేరే ప్రాక్టీసు అక్కర్లేదు. రైల్వే నర్సింగ్ పోస్టులకీ దాదాపు ఇదే చదువు. జీకే, అరిథ్‌మెటిక్, సైన్స్ కలిపి అక్కడ 30 మార్కులుంటాయి, అంతే తేడా.

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లు ఒకటి గమనించండి. నార్‌సెట్‌కి రెండేళ్ల అనుభవం కావాలి, అదీ కనీసం 50 పడకల ఆసుపత్రిలో. ఇంటి పక్కన చిన్న నర్సింగ్ హోమ్‌లో జీతం వెయ్యో రెండు వేలో ఎక్కువిస్తామన్నా, పడకలెన్నో అడిగి చేరండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేయమంటారు కొందరు. జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. తర్వాత వాటికోసం తిరిగే టెన్షన్ నేను దగ్గర్నుంచి చూశాను.

బీఎస్సీ ఫస్టియర్ పిల్లలు "ఎలాగూ ఎంట్రన్స్ రాస్తాం కదా" అని ఇంటర్నల్స్‌ని తేలిగ్గా తీసుకోకండి. మన రాష్ట్రంలో కాంట్రాక్ట్ స్టాఫ్ నర్సు పోస్టులకి ఇప్పటిదాకా వచ్చిన నోటిఫికేషన్లలో రాత పరీక్ష లేదు. కోర్సు మార్కులకి 75 శాతం, మిగతాది పాసై గడిచిన ఏళ్లకీ చేసిన కాంట్రాక్ట్ సర్వీసుకీ. అక్కడ అర శాతం తేడాతో పోస్టు పోతుంది.

అబ్బాయిలు నిరుత్సాహపడతారేమో గానీ చెప్పాలి, ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం అమ్మాయిలకే. తమ్ముళ్లూ, మీరు ఒక్క నార్‌సెట్‌నే నమ్ముకోకుండా రైల్వే కూడా రాయండి.

ఇంకొకటి, బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. మీ కులం రెండోదాంట్లో ఉందో లేదో ముందే చూసుకుని, ఉంటే కేంద్రం ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కోసం సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. నోటిఫికేషన్ పడ్డాక ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే చివరి తేదీ దాటిపోతుంది.