రషాక్ పల్లెలో, బాన్జో దగ్గర

బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో రెడ్డిచ్ రైలెక్కేటప్పటికి బావ చేతిలో ఒక్క గుడ్డసంచి ఉంది, అందులో ఇంకా కవర్ కూడా చింపని కొత్త డ్రమ్ స్టిక్స్ జత. లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్, అభిమానులు ముద్దుగా 'బాన్జో' అని పిలుచుకునే జాన్ బానమ్ పుట్టిన ఊరు రెడ్డిచ్ రైల్లో ముప్పావుగంట కూడా లేదు, ఇద్దరం ఇక్కడే ఉద్యోగాలు చేస్తున్నాం, అయినా ఇన్నేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు. ప్రతి సెప్టెంబర్‌లోనూ అనుకోవడం, ఏదో ఒక పని అడ్డం రావడం. ఈసారి ఆయన పోయిన రోజుకి సరిగ్గా ముందు శనివారం ఖాళీ దొరికింది. ఇంకేం ఆలోచించకుండా బయల్దేరాం.

బావకి ఈ పిచ్చి అంటించింది నేనే. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్న మనిషి, రాక్ అంటే ఉత్త గోల అనేవాడు. ఒకరోజు లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట, 1969లో వచ్చిన 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' పెట్టి, మిగతావన్నీ వదిలేసి కింద కాలితో పెడల్ తొక్కి వాయించే బేస్ డ్రమ్ ఒక్కటే విను బావా అన్నాను. విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. "రెండు పెడల్స్ ఉన్నాయి కదా?" అన్నాడు. లేదు, ఒక్కటే పెడల్, ఒక్కటే కాలు అన్నాను. నేల మీద కాలు పెట్టి తకిట తకిట అని ఆ వేగంలో కొట్టి చూశాడు, నాలుగు ఆవృత్తాలకే పిక్క పట్టేసింది. ఆ కాలు అప్పటికి ఇరవయ్యేళ్ల కుర్రాడిది అని చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 1970 జనవరిలో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో చేసిన కచేరీ వీడియో చూపించాను. అందులో సోలో మధ్యలో స్టిక్స్ పక్కన పడేసి వట్టి చేతులతో వాయిస్తాడు. అది చూశాక బావ పూర్తిగా మనవాడైపోయాడు. తనియావర్తనం విన్నట్టే కూర్చుని వింటాడు ఇప్పుడు, చేత్తో తాళం వేసుకుంటూ.

రెడ్డిచ్ రైలు లైన్‌కి చివరి స్టేషన్. ఒకప్పుడు ప్రపంచమంతటికీ సూదులు చేసి పంపిన ఊరు, సూదుల మీద ఒక మ్యూజియం కూడా ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్ల పుట్టిల్లు కూడా ఇదేనని తెలిసి బావ స్టేషన్‌లోనే ఆగి ఎవరికో ఫోన్ చేసి చెప్పాడు. మేం వచ్చింది మాత్రం మెర్సియన్ స్క్వేర్‌లో ఉన్న కంచు విగ్రహం కోసం. 2018 మే 31న, అంటే బతికుంటే ఆయనకి డెబ్భై నిండే రోజున, ఆవిష్కరించారు. శిల్పి మార్క్ రిచర్డ్స్. కిట్ వెనక కూర్చుని వాయిస్తున్న భంగిమ. అప్పుడే వాన వెలిసింది, కంచు మీద నీళ్లు ఇంకా జారుతున్నాయి, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. చుట్టూ షాపింగ్‌కి వచ్చిన జనం సంచులతో వెళ్లిపోతున్నారు. నిజం చెప్పాలంటే విగ్రహం దగ్గర నాకేమీ అనిపించలేదు. బాగుంది, ఫొటోలు తీసుకున్నాం, అంతే. ఈ వీధుల్లో ఒక పిల్లాడు ఐదేళ్ల వయసులో డబ్బాలు బోర్లించి వాయించాడనీ, పదేళ్లకి వాళ్లమ్మ స్నేర్ డ్రమ్ కొనిచ్చిందనీ, బడి అయ్యాక నాన్న దగ్గర వడ్రంగి పనికి కుదిరాడనీ చదివినప్పుడు కలిగిన సంతోషం, విగ్రహం ముందు నిలబడితే కలగలేదు.

రెడ్డిచ్ నుంచి, ఆయన సమాధి ఉన్న రషాక్ పల్లెకి బస్సులో పోవడం మాలాంటి వాళ్లకి కుదిరే పని కాదు. ముందుగా మాట్లాడుకున్న టాక్సీ చివరి నిమిషంలో రానన్నాడు, ఇంకోటి దొరికేసరికి గంట పోయింది. చీకటి పడేలోపు చేరతామో లేదోనని కాస్త టెన్షన్ పడ్డాను. అరగంట పైనే ప్రయాణం. బ్రామ్స్‌గ్రోవ్ దాటాక రోడ్లు సన్నబడిపోయాయి, రెండు పక్కలా గోడల్లా కంచెచెట్లు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే మన బండి పక్కకి ఒరిగి ఆగాల్సిందే. బానమ్ డబ్బొచ్చాక లండన్‌లో మకాం పెట్టలేదు. ఈ చుట్టుపక్కలే కట్‌నాల్ గ్రీన్ దగ్గర పొలం కొనుక్కుని భార్యాపిల్లలతో ఉన్నాడు. ఊళ్లు ఊళ్లు తిరిగే కచేరీలంటే ఆయనకి ఇల్లు వదలాల్సి వస్తుందన్న బాధ ఉండేదని చదివాను. ఆ దారిలో వెళ్తుంటే ఆ బాధ నాకు తేలిగ్గా అర్థమైంది.

రషాక్‌లో సెయింట్ మైకేల్ చర్చి చిన్నది. సమాధి ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదు, దూరం నుంచే స్టిక్స్ కనిపిస్తాయి. రాయి ముందు మట్టిలో గుచ్చినవి, గడ్డిలో పడుకోబెట్టినవి, వానకి నాని నల్లబడినవి, నిన్నో మొన్నో పెట్టినట్టు తెల్లగా ఉన్నవి. డ్రమ్ కిట్‌లో పళ్లేల్లా ఉండే లోహపు సింబల్స్ కూడా ఉన్నాయి. ఒకదాని అంచు పగిలి నోరు తెరుచుకుని ఉంది, దాని గుంటలో వాననీళ్లు, నీళ్లలో ఒక ఎండుటాకు. వంగి చూస్తే ఒక్కో స్టిక్ మీద ఒక్కో పేరు, తేదీ, ఒక్కో భాష. కొన్నిటి మీద సిరా కరిగిపోయి నీలం మరక మాత్రం మిగిలింది.

రాయి మీద మాత్రం బ్యాండ్ పేరు లేదు, డ్రమ్స్ మాటే లేదు. ప్రేమగల భర్త, తండ్రి, జాన్ హెన్రీ బానమ్, వయసు 32 ఏళ్లు. చివర్లో భార్య పలికినట్టుగా గుడ్‌నైట్ మై లవ్, గాడ్ బ్లెస్ అని ఉంది. విగ్రహం దగ్గర కలగనిది నాకు ఇక్కడ కలిగింది. నాకిప్పుడు నలభై ఒకటి. ఆయన పోయేనాటికి కొడుకు జేసన్‌కి పద్నాలుగు, కూతురు జోయికి ఐదు. అభిమానుల్లో చాలామంది ఆయన ఎంత తాగేవాడో వీరగాథలా చెప్పుకుంటారు, ఆఖరి రోజు ఎన్ని పెగ్గుల వోడ్కా అన్నది లెక్కలతో సహా చెప్తారు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. సెప్టెంబర్ 24న రిహార్సల్‌కి వెళ్లిన మనిషి పొద్దుట్నుంచీ తాగుతూనే ఉన్నాడు, రాత్రి విండ్సర్ దగ్గర బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ ఇంట్లో పడుకోబెట్టారు, నిద్రలో వాంతి అడ్డుపడి ఊపిరాడక పోయాడు. అందులో గొప్ప ఏముంది? ఐదేళ్ల పిల్లకి నాన్న లేకుండా పోయాడు, అంతే.

మేం ఉండగానే ఇటలీ నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మాయికి పదిహేనుంటాయేమో, డ్రమ్స్ నేర్చుకుంటోందట. జాకెట్ లోపల్నుంచి ఒకే ఒక్క స్టిక్ తీసింది. హైహ్యాట్ అనే జంట సింబల్స్ అంచు తగిలీ తగిలీ దాని భుజం దగ్గర ఎలక కొరికినట్టు పేళ్లు లేచి, కొన మొద్దుబారిపోయింది. జతలో రెండోది విరిగిపోయిందనీ, దీనితోనే ఏడాది సాధన చేసిందనీ వాళ్ల నాన్న చెప్పాడు. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని దాన్ని జాగ్రత్తగా మిగతావాటి పక్కన పెట్టింది. బావ తన సంచిలోని కొత్త జత వంక చూసుకున్నాడు. కవర్ చింపి స్టిక్స్ తీసి, కాస్త దూరంలో ఉన్న చెక్క బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, తన ఒడిలో సంచి మడిచి పెట్టుకుని దాని మీద వాయించడం మొదలుపెట్టాడు, శబ్దం బయటికి రానంత మెల్లగా. పది నిమిషాలు ఎవరివైపూ చూడలేదు. ఒక్క దెబ్బైనా పడని కర్రలు బానమ్‌కి ఇవ్వబుద్ధి కాలేదన్నాడు తర్వాత.

ఆ ఇటలీ ఆయనకి మా కంటే పదేళ్లు పెద్ద వయసుంటుంది. అభిమానులు కలిస్తే వచ్చే మాటే మళ్లీ వచ్చింది: బ్యాండ్ ఆపెయ్యడం సరైనదేనా? కెనడా, అమెరికాల్లో అక్టోబర్‌లో మొదలవ్వాల్సిన టూర్ రద్దయింది, 1980 డిసెంబర్ 4న మిగిలిన ముగ్గురూ ఒక చిన్న ప్రకటన ఇచ్చారు, ఆప్తమిత్రుణ్ని పోగొట్టుకున్నాక మునుపటిలా కొనసాగలేమని. రెండేళ్ల ముందు 'ద హూ' అనే ఇంకో రాక్ బ్యాండ్ డ్రమ్మర్ కీత్ మూన్ కూడా పోయాడు, విచిత్రంగా అతనికీ ముప్ఫై రెండే, కానీ వాళ్లు ఇంకో డ్రమ్మర్‌తో కొనసాగారు. బావ వాదన ఎప్పుడూ ఒకటే. మృదంగం విద్వాంసుడు రాలేకపోతే ఇంకొకరు కూర్చుంటారు, కచేరీ ఆగదు, సంగీతం మనిషి కంటే పెద్దది అంటాడు. నేనలా అనుకోను. మన కచేరీలో కృతి ముందే ఉంది, దాన్ని ఎవరైనా మోస్తారు. వీళ్ల పాట ఆ నలుగురూ ఒక గదిలో కూర్చుంటేనే పుట్టింది.

'వెన్ ద లెవీ బ్రేక్స్' సంగతే తీసుకోండి. అది వీళ్లు కట్టిన పాట కాదు, 1929 నాటి బ్లూస్ పాట. హ్యాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత పెద్ద ఇంట్లో, కింద హాల్లో కిట్ పెట్టి బానమ్‌ని కూర్చోబెట్టారు. మైకులు డ్రమ్స్ దగ్గర పెట్టకుండా మెట్లెక్కి పైన పెట్టారు. ఆ ఇంటి గోడలు, ఆ మెట్ల ఎత్తు, అన్నీ కలిసి ఆ దెబ్బలోకి వచ్చాయి. పాత పాటే, కానీ ఆ నడక వచ్చాక ఇంకొకరి పాట అనిపించదు. ఆయన తొందరపడడు. స్నేర్ మీద దెబ్బ కాస్త ఆలస్యంగా, బరువుగా, దించి పెట్టినట్టు పడుతుంది, ఆ కొంచెం ఆలస్యంలోనే మిగతా ముగ్గురూ ఊపిరి తీసుకుంటారు. ఆ చోటులోకి ఇంకొకరిని ఎలా కూర్చోబెడతాం?

అయితే 2007 డిసెంబర్ 10న లండన్ ఓటూ ఎరీనాలో ముగ్గురూ మళ్లీ కలిసి వాయించారు కదా, డ్రమ్స్ మీద జేసన్ కూర్చున్నాడు కదా అన్నాడు ఇటలీ ఆయన. అవును, అది నేను కళ్లనీళ్లతో చూశాను. అది కూడా ఒక్క రాత్రికే. తండ్రి వాయించినవన్నీ విని పెరిగిన కొడుకు కాబట్టి ఆ ఒక్క రాత్రి నిలబడింది. బావ మాత్రం, ఆపడం వాళ్ల ఇష్టం బావా, నాకు మాత్రం ఇంకా వినాలని ఉంది అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, నాకూ వినాలనే ఉంది.

టాక్సీ అతను హారన్ కొట్టకుండా గేటు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. బావ ఆ రెండు స్టిక్స్‌నీ ఇటలీ అమ్మాయి పెట్టిన దాని పక్కనే పెట్టాడు, పేరేమీ రాయలేదు. కిడ్డర్‌మిన్‌స్టర్ స్టేషన్‌లో దిగి బర్మింగ్‌హామ్ రైలెక్కేసరికి చీకటి పడింది. బోగీలో మేం తప్ప ఇద్దరో ముగ్గురో. హెడ్‌ఫోన్స్ చెరో చెవిలో పెట్టుకుని మళ్లీ ఆ మొదటి ఆల్బమ్ మొదటి పాటే పెట్టాం. బావ బూటు విప్పేసి, మేజోడు కాలితో రైలు నేల మీద తకిట తకిట మొదలుపెట్టాడు. హ్యాగ్లీ స్టేషన్ వచ్చేలోపే ఆపి పిక్క నొక్కుకుంటూ, మళ్లీ మొదట్నుంచి పెట్టు అన్నాడు.