దాపటి భుజం, వలపటి భుజం

మా అమ్మాయి తన కుక్కకు తెలుగులో నేర్పిన మొదటి రెండు మాటలు "దూకు", "దూరు". అందుకు కారణం మాతృభాషాభిమానం కాదు. నార్త్ కరోలినాలో కుక్కల ఎజిలిటీకి, అంటే అడ్డంకులు దాటే పరుగు పోటీకి, మేము వెళ్లే సాధన మైదానంలో పక్కవాళ్లు "జంప్" అని అరిచినప్పుడల్లా మా బెల్లం చెవులు రిక్కించి అటు పరుగెత్తేది కనుక, అక్కడ మరెవరి నోటా రాని మాటలు దానికి కావలసి వచ్చాయి. నేను మాత్రం లోలోపల మురిసిపోయాను. వారం తిరిగేసరికి చిక్కు బయటపడింది. రెండు మాటలూ "దూ"తోనే మొదలవుతాయి గనుక, మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక లేని ఆ కుక్క అడ్డుకర్ర దాటవలసిన చోట సొరంగంలో దూరేది. అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నగారికి ఫోనులో ఈ గోడు వినిపిస్తే, "గెంతు అనమనమ్మా, మన వైపు పంటబోదె గెంతుతాం గానీ దూకుతామా?" అన్నారు. ఆనాటి నుంచి మా ఇంట్లో అడ్డుకర్రకు గెంతు, సొరంగానికి దూరు స్థిరపడ్డాయి.

ఎజిలిటీ అనే ఈ క్రీడ 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, గుర్రాల గెంతుడు పోటీల నమూనాలో, విరామ వేళ వినోదంగా మొదలైంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ తన మొదటి పోటీలను 1994లో నిర్వహించింది. కుక్క అడ్డుకర్రలు, సొరంగాలు, ఏటవాలు బల్లలు, వరుసగా పాతిన కర్రలు న్యాయనిర్ణేత నిర్ణయించిన క్రమంలోనే దాటాలి. పక్కన పరుగెత్తే మనిషి దాన్ని తాకకూడదు, చేతిలో తిండి పట్టుకోకూడదు. పెద్ద కుక్కల మధ్య చిన్నవి ఎలా నెగ్గుతాయని అడిగేవారికి చెప్పవలసిన మాట ఒకటుంది: మూపు దగ్గర 11 అంగుళాలకు మించని కుక్కకు అడ్డుకర్ర ఎత్తు 8 అంగుళాలే, అది పోటీపడేది కూడా తన ఎత్తువాటితోనే. మేము జంతు శరణాలయం నుంచి తెచ్చుకున్న బెల్లానికి జాతి అంటూ ఏమీ లేదు. మూపు పదిన్నర అంగుళాలు.

కిందటి వేసవి సెలవులకు ఊరు వచ్చినప్పుడు బెల్లాన్ని నార్త్ కరోలినాలోనే స్నేహితుల ఇంట్లో వదిలి వచ్చాం. రెండు రోజులు మా అమ్మాయి ముభావంగా తిరిగింది. మూడో రోజు మా తమ్ముడి పామరేనియన్ కుక్క పింకీని అరుగు మీద కూర్చోబెట్టి పక్కటెముకలు తడిమి చూసి, "అమ్మమ్మా, దీనికి పెరుగన్నం తగ్గించాలి" అని ప్రకటించింది. అమ్మ నొచ్చుకుంది. కుక్కను అరుగు దాటనివ్వని ఇల్లాలే గానీ దాని కడుపు మాడ్చిన మనిషి కాదు. అయినా మనవరాలు చెప్పినది నిజం. ఒళ్లు వచ్చిన చిన్న కుక్కను గెంతిస్తే మోకాళ్లు దెబ్బతింటాయి, చిన్న జాతుల్లో మోకాలి చిప్ప జారే బెడద ముందే ఎక్కువ. పైగా కోనసీమ మే నెల ఉక్కలో అంత బొచ్చున్న కుక్క పరుగెత్తవలసింది తెల్లవారి ఎండ ఎక్కకముందే.

అలా మా కొబ్బరితోటలో ఆరు గంటలకల్లా సాధన మొదలైంది. నాలుగేసి అంగుళాల ఎత్తున ఇటుకల మీద ఎండిన కొబ్బరి మట్టలు పెట్టి అడ్డుకర్రలన్నారు. పొలానికి నీళ్లు పెట్టడానికి తెచ్చి వాడకుండా వదిలేసిన సిమెంటు తూము సొరంగమైంది. ఊగే బల్ల దగ్గర మా అమ్మాయి చూపిన ఓర్పు నన్ను ఆశ్చర్యపరిచింది. తేలికైన కుక్క బరువుకు బల్ల ఆలస్యంగా వాలుతుంది, వాలి టప్పున నేలను తాకిన చప్పుడుకు ఒకసారి బెదిరిందంటే మళ్లీ ఆ బల్ల ఎక్కదు. అందుకని కొబ్బరి మొద్దు మీద అడ్డంగా వేసిన పలక చివర కింద రెండు గోనెసంచులు మడిచి పెట్టి, చప్పుడు వినబడకుండా చేసి, రోజుకొక మడత తీసేస్తూ వచ్చింది. ఒక్కొక్క అడుగుకు గోరంత కోడిమాంసం ముక్క.

సరుగుడు కర్రలు ఆరు, 24 అంగుళాల ఎడంతో పాతినది మాత్రం నాన్నగారు. కుక్క వాటి మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి, మొదటి కర్ర ఎప్పుడూ దాని ఎడమ భుజం వైపునే ఉండాలి. పింకీ ప్రతిసారీ తప్పు వైపు నుంచి దూరుతుంటే, పడకకుర్చీలోంచి చూస్తున్న ఆయన, "తప్పు దానిది కాదు, నీ భుజం అటు తిరుగుతోంది, అది నీ భుజాన్ని చూస్తోంది" అన్నారు. మాకు శిక్షకురాలు ఆరు నెలల పాటు చెప్పిన సంగతి అదే. ఎడ్లతో దున్నిన రోజుల్లో, మేడి పట్టినవాడు ఒళ్లు ఎటు వాలిస్తే ఎడ్లు అటు మళ్లేవని, దాపటెద్దు కాడికి ఎడమవైపు, వలపటెద్దు కుడివైపు కట్టేవారని, వాటిని మార్చి కడితే అడుగు కదిలేవి కావని ఆయన వివరించారు. వారాంతపు తెలుగు తరగతిలో నాలుగేళ్లు కూర్చున్నా ఎడమ, కుడి తడబడే పిల్ల ఆ సాయంత్రానికే "దాప", "వల" అని చేతుల మీద కొట్టుకుంటూ తోటంతా తిరిగింది.

నా లోపం ఒకటి ఒప్పుకోవాలి. మొదటి పోటీ నుంచి బయటికి రాగానే నేను అడిగింది "ఎన్నో ర్యాంకు?" అని. మొదటి స్థాయి పోటీల్లో నూటికి 85 తెచ్చుకుంటే అర్హత వస్తుంది, అలాంటి అర్హతలు మూడు కూడితే బిరుదు. పక్క కుక్క ఎంత వేగంగా పోయిందన్నది దానికి అడ్డు రాదు. ఇది తెలిసిన తరువాత కూడా ఆ ప్రశ్న నా నోటికి వస్తూనే ఉంటుంది. మా అమ్మాయి మాట్లాడకుండా కుక్కకు నీళ్లు పడుతుంది.

తిరిగి వెళ్లాక బెల్లానికి కొత్త మాటలు అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. అక్టోబరు పోటీలో పదో అడ్డుకర్ర దాటగానే ఎదుట రెండు సొరంగాలు కనిపించాయి, తప్పు సొరంగమే దగ్గరగా ఉంది. "దాప!" అన్న కేక నేను కూర్చున్న చోటికి వినిపించింది, బెల్లం గిరుక్కున ఎడమకు మళ్లింది. ఆ మలుపు ఊపులో తరువాతి అడ్డుకర్ర కింద పడింది. కర్ర పడితే ఆ పరుగుకు అర్హత లేదు.

ఆ రాత్రి, ఊళ్లో తెల్లవారే వేళకు, ఫోనులో నేను కర్ర పడిన సంగతితో మొదలుపెట్టబోతే నాన్నగారు అడ్డుపడి ఫోను మనవరాలికి ఇమ్మన్నారు.

"దాప అంటే తిరిగిందా?"

"తిరిగింది తాతయ్యా."

"ఒక్క మాటకేనా?"

"ఒక్కసారే అన్నాను. భుజం కూడా తిప్పాను."