పధ్నాలుగు వారాల గడి

మంగళవారం. పండగ లేదు పబ్బం లేదు, మామూలు రోజు. పొద్దుగాల షాపు తెరిచిన కాసేపటికే కరెంటు పోయింది, జిరాక్స్ మిషన్ ఇన్వర్టర్ మీద నడవదు కాబట్టి నల్లగొండ గడియారం సెంటర్ల వచ్చేటోళ్ళను పోయేటోళ్ళను చూస్కుంట కూసున్న. కరెంటు వచ్చినంక ఒక్కసారే గుంపు, ఆధార్లు, పట్టా పాస్‌బుక్కులు, దవాఖాన రిపోర్టులు, అందరికీ అర్జెంటే.

గుంపుల ఒక పిల్ల, ఇరవై ఏండ్లు కూడా ఉంటయో లేవో, చంకల బాబు, చేతిల టీకా కార్డు. ఎవరి కాగితాలు చదవొద్దు అంటరు గాని టీకా కార్డు కనబడితే నా కండ్లు ఆగవు, అది అమ్మ అంటించిన రోగం. ఆరు వారాలది పడ్డది, పది వారాలది పడ్డది, పధ్నాలుగు వారాల గడి ఖాళీ. బాబుకేమో ఏడో నెల నడుస్తుందంట.

"ఇదెందుకు వేయించలే చెల్లె" అన్న.

"పోయినసారి మస్తు జొరం వచ్చింది అన్నా, మా అత్తమ్మ వద్దన్నది."

ఇగ అయిపాయె, పొద్దంతా అమ్మనే యాదిల ఉన్నది. ఎందుకంటే ఈ మాట నేను నా చిన్నప్పుడే కనీసం పది ఊర్లల్ల విన్న. అమ్మ ఏఎన్ఎం, అంటే ఊర్లల్ల టీకాలేసే సర్కారు నర్సు, దేవరకొండ దిక్కు తండాలల్ల, మర్రిగూడ దిక్కు ఊర్లల్ల చేసి చేసి రిటైరైంది. సెలవులుంటే నన్ను కూడా తీస్కపోయేది, నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా మోసుడు నా పని. లోపల నాలుగు దిక్కుల నాలుగు ఐసు ప్యాకులు, నడుమ సీసాలు, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యనే ఉండాలె అని నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది. బస్సు దిగి గుట్టల పొంటి నడుస్తుంటే చల్లగ ఉంటదని నేను డబ్బాకు చెంప ఆనిచ్చేటోణ్ణి, "మూత తియ్యకు" అని వెనకకెళ్ళి కేక.

జొరం కారణం చెప్పి సూది వద్దన్న ఇంటికి పోతే అమ్మ కోడలితోటి వాదం పెట్టుకునేది కాదు. నేరుగ అత్త దగ్గర కూసునేది. తండాల్లో అయితే "యాడీ" (లంబాడోళ్ళ మాటల అమ్మా) అని పిలిచి తాగనీకి నీళ్ళడిగేది, మోకాళ్ళు ఎట్లున్నయి, ఎడ్లు బాగున్నయా, ఈ ముచ్చట ఆ ముచ్చట, నాకు ఆకలైతుంటది, ఈమెకు తెమలదు. ఆఖరికి మెల్లగ అసలు సంగతి. ఈ సూదికి రాత్రి జొరం రావచ్చు, తొడ మీద వాపు రావచ్చు, పాలు పట్టుడు ఆపొద్దు, ఈ మందు ఇంత పొయ్యాలె, రెండు రోజుల్ల తగ్గకపోతే నాకు కబురు పెట్టు అని. బీసీజీ అయితే చెయ్యి మీద పొక్కు లేస్తది, దాని మీద పసుపు గిసుపు పెట్టకు అని. ముందుగాల చెప్పకపోతే మళ్ళ ఆ గడప ఎక్కనియ్యరు అనేది. ఇంకోటి, మూడో కాన్పుల కూడా ఆడపిల్ల పుట్టిన ఇంటికి పని లేకున్నా పోయేది, ఊకనే తూకం చూసినట్టు చేసి వచ్చేది. ఎందుకో నాకు పెద్దగైనంక గాని సమజ్ కాలే.

1995 డిసెంబర్‌ల పల్స్ పోలియో మొదలైనంక అయితే ఇంట్ల మనిషే కాదు. ఎడమ చిటికెనవేలు గోరు మీద మార్కర్ గీత, తలుపుల మీద సుద్దముక్కతోటి గుర్తులు, తాళమున్న ఇంటికి మళ్ళ తెల్లారి పోవుడు. సీసా మీద గుండ్రం, గుండ్రం లోపల తెల్లటి చతురస్రం ఉంటది, ఆ చతురస్రం చుట్టూ ఉన్న గుండ్రమంత ముదురు రంగైతే మందు పనికిరాదు, దాన్ని ఎండల అరచెయ్యి అడ్డం పెట్టి చూసేది. 2014 మార్చిల మన దేశంల పోలియో లేదని డబ్ల్యూహెచ్ఓ సర్టిఫికెట్ ఇచ్చిందని టీవీల వస్తుంటే నేను సౌండ్ పెంచిన. అమ్మ తపాలచెక్క తిరగేస్కుంట "ఆఖరి కేసు ఎక్కడిదంట" అన్నది. హౌరా, 2011 జనవరి అని చెప్పిన. "ఆ పిల్ల నడుస్తుందా ఇప్పుడు?" గంతే. నేనేదో సంబరపడుతది అనుకున్న.

అందరూ దేవత దేవత అంటరు గాని నాకు కొంచెం కోపం కూడా ఉన్నది, దాచుకునుడెందుకు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా సబ్‌సెంటర్‌కు పోయింది. నాన్న గంజి కాచి పోసిండు. సాయంత్రం వచ్చి నుదురు ముట్టకుండ ముందుగాల "ఎన్నిసార్లు ఉచ్చకు పోయినవ్ రా" అని అడిగేది. బిడ్డా, కన్నా అనుడు ఆమెకు చేతకాదు. తిన్నవా, పోయినవా, ఎన్ని నీళ్ళు తాగినవ్, బోరు నీళ్ళేనా. ఆ బోరు నీళ్ళ గురించి ఒకటే పోరు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అంటే అక్కడి బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది, నాతోటి చదివినోళ్ళ పండ్లు చూస్తే తెలుస్తది, కొందరి కాళ్ళు చూస్తే కూడా. కృష్ణా నీళ్ళు నల్లాకు వచ్చేదాక అమ్మ ఎవరింటికి పోయినా ముందు పిల్లల నోరు తెరిపించి చూసేది.

చివరికి తనే మంచం ఎక్కింది. ఒక ప్రైవేటు దవాఖాన్ల పెట్టినం. ఆ రాత్రి సెలైన్ ఎక్కుతుంటే వాచీ అడిగింది, నిమిషం పట్టి చుక్కలు లెక్కపెట్టింది. అర లీటరు నాలుగు గంటల్ల పోవాలంటే నిమిషానికి నలభై పైన పడాలె, ఇది డెబ్బై పడుతుంది అని. డ్యూటీల ఉన్న నర్సు పిల్ల కొత్తగ వచ్చినట్టుంది, భయపడ్డది. అమ్మ తిట్టలే, "ఎంతమందిని చూస్తున్నవ్ బిడ్డా ఒక్కదానివే" అన్నది. బిడ్డా అన్నది! నేను పక్కనే ఉన్న.

దినాలకు ఆ పిల్ల వచ్చింది, మేం పిలువలే, ఎట్ల తెలిసిందో. నైట్ డ్యూటీ ఉందని గబగబా తిని లేచింది. బస్టాండుదాక బండి మీద దింపిన. దారిల "మేడం రోజు నన్ను ఏం తిన్నవ్ అని అడిగేది సార్" అని చెప్పింది. అడుగుతది మరి, అడగకుండ ఎట్లుంటది.