ఎరుపు తెలుపు కండువాల రైలు

2024 సెప్టెంబరు 26, గురువారం ఉదయం. సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో మెల్‌బోర్న్ వెళ్లే పగటి రైలు ఎక్కి కూర్చునేసరికి మా పెట్టెలో సగానికి సగం మంది మెడల్లో ఎరుపు తెలుపు చారల కండువాలు కనిపించాయి. చెల్లెలి ఇంట్లో నెల రోజులు గడుపుదామని హైదరాబాదు నుంచి వెళ్లిన నన్ను ఈ ప్రయాణానికి లాక్కొచ్చినవాడు పదహారేళ్ల మా మేనల్లుడు. వాడు పుట్టిందీ పెరిగిందీ సిడ్నీలోనే. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, క్రికెట్ కూడా చూస్తాడు, కానీ వాడి ప్రాణమంతా సిడ్నీ స్వాన్స్ అనే ఫుట్‌బాల్ జట్టు మీదే. ఆ జట్టు శనివారం నాడు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్ ఆడబోతోంది. మా దగ్గర మ్యాచ్ టిక్కెట్లు లేవు, దొరుకుతాయన్న ఆశా లేదు. అయినా "ఆ రోజు ఆ ఊళ్లో ఉండాలి మావయ్యా" అని వాడు పట్టుబట్టడంతో చెల్లెలు మెత్తబడి బడికి రెండు రోజుల సెలవు చీటీ రాసిచ్చింది. విమానంలో గంటన్నరకు చేరే దూరానికి రైలులో సుమారు 11 గంటలు పడుతుంది. ఆ వారం విమానం టిక్కెట్ల ధరలు చూశాక మాకు రైలే నయమనిపించింది. అలా అనుకున్నది మేమొక్కరమే కాదని పెట్టె చూడగానే తెలిసింది.

రైలు సిడ్నీ శివార్లు దాటకముందే వాదన మొదలైంది. ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. జట్టుకు 18 మంది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, క్రికెట్ ఆడే అండాకారపు మైదానం, గోల్‌కు 6 పాయింట్లు. అప్పటి పద్ధతిలో, లీగు మ్యాచ్‌లు పూర్తయ్యాక పట్టికలో మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్న జట్లు సెప్టెంబరులో నాలుగు వారాల పాటు ఫైనల్స్ ఆడేవి. మొదటి మూడు వారాల్లో, పట్టికలో తమ స్థానంతో, గెలుపుతో ఆతిథ్య హక్కు సంపాదించుకున్న జట్టు తన ప్రాంతంలోనే ఆడేది. చివరి వారం జరిగే గ్రాండ్ ఫైనల్ మాత్రం ఎవరు ఆడినా మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లోనే, అంటే ఎంసీజీలోనే జరుగుతుంది. అభిమానులు ఏళ్ల తరబడి తగవులాడుకునేది ఈ విషయం మీదే.

మా ఎదుటి సీట్లో కూర్చున్న నడివయసు ఆవిడ స్వాన్స్ ఓడిన ప్రతి గ్రాండ్ ఫైనల్‌నూ తేదీలతో సహా చెప్పగలదు. 2014లో పట్టికలో మొదటి స్థానం తమదేననీ, ఎంసీజీనే సొంత మైదానంగా వాడుకునే హాథార్న్ అక్కడ తమను 63 పాయింట్లతో ఓడించిందనీ, 2016లోనూ తామే మొదటివాళ్లమై కూడా వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో ఓడామనీ ఆమె బాధగా చెప్పింది. 2017లో అడిలైడ్ పట్టికలో అగ్రస్థానంలో నిలిచి, మూడో స్థానంలో ఉన్న రిచ్‌మండ్‌తో రిచ్‌మండ్‌కూ సొంత మైదానమైన ఎంసీజీలోనే గ్రాండ్ ఫైనల్ ఆడి 48 పాయింట్లతో ఓడిన సంగతిని మా వాడు అందించాడు. ఏడాదంతా కష్టపడి మొదటి స్థానం తెచ్చుకున్న జట్టుకు ఆఖరి రోజున దక్కేది ఇంకొకరి ఇల్లేనా అన్నది వాళ్లిద్దరి ప్రశ్న. ఈసారి ప్రత్యర్థి బ్రిస్బేన్ లయన్స్. ఆడే రెండు జట్లలో ఏదీ మెల్‌బోర్న్‌ది కాదు, అయినా రెండు ఊళ్ల జనమూ మూడో ఊరికి ప్రయాణమయ్యారు. అది విన్నప్పుడు నేను పూర్తిగా వాళ్ల పక్షమే.

కూటముండ్ర దాటాక కిటికీకి రెండు వైపులా పసుపు పచ్చని కనోలా చేలు మొదలయ్యాయి. మన ఆవచేల పూత గుర్తుకొచ్చేలా, కనుచూపు మేర అంతా ఒకే రంగు. వాగా వాగా సమీపిస్తుండగా మా వాడు నా భుజం తట్టి, "ఇప్పుడు మనం బరాసి గీత దాటుతున్నాం" అన్నాడు. 1978లో ఇయన్ టర్నర్ అనే చరిత్రకారుడు ఆస్ట్రేలియా పటం మీద గీసిన ఊహారేఖ అది. దానికి తూర్పున జనం రగ్బీ ఆడతారు, మిగిలిన దేశం ఈ ఫుట్‌బాల్ ఆడుతుంది. మెల్‌బోర్న్ జట్టులో గొప్ప ఆటగాడిగా పేరు తెచ్చుకుని తర్వాత శిక్షకుడైన రాన్ బరాసి పేరు దానికి పెట్టారు. ఆ రేఖకు అవతల, రగ్బీ రాజ్యమేలే సిడ్నీలో పుట్టిన పిల్లవాడు ఈ ఆట మీద ఇంత ప్రేమ పెంచుకున్నాడంటే, అక్కడ కూడా ఈ ఆట వేళ్లూనుకుందన్నమాటే. గ్రాండ్ ఫైనల్ ఒక్కసారైనా తమ ఊరికి రావాలన్న వాడి కోరిక వెనుక ఉన్నది అదే. తమను చుట్టాలుగా చూడకుండా ఇంటివాళ్లుగా చూడమని అడుగుతున్నాడు.

ఆల్బరీలో ఒక వృద్ధుడు ఎక్కి మా పక్క వరుసలో కూర్చున్నాడు. ఎనభై ఏళ్లు దగ్గరపడి ఉంటాయి. ఆయన మెడలోని కండువా కూడా ఎరుపు తెలుపే, కానీ ఊలు రంగు వెలిసి, ఎరుపు ఇటుక రంగుకు తిరిగింది. అంచు కుచ్చుల్లో కొన్ని ఊడిపోతే ఎవరో వేరే దారంతో కట్టి సరిచేశారు. దాని మీద స్వాన్స్ అన్న మాట ఉంది గానీ సిడ్నీ అన్న మాట లేదు. మా వాడు అది గమనించి అడగగానే ఆయన ముఖం వెలిగింది. ఆయన పుట్టింది మెల్‌బోర్న్‌లోని ఆల్బర్ట్ పార్క్ దగ్గర. ఈ జట్టు 1981 దాకా అక్కడి సౌత్ మెల్‌బోర్న్. అప్పుల్లో మునిగిపోతే 1982లో సిడ్నీకి తరలించారు. చిన్నప్పటి నుంచి నడిచి వెళ్లి చూసిన జట్టు తొమ్మిది వందల కిలోమీటర్ల దూరానికి పోయిందని ఆయన చాలా మెల్లగా చెప్పాడు. ఆయన స్నేహితుల్లో కొందరు ఆ ఏడాదే ఆట చూడడం మానేశారట. ఆయన మానలేదు.

"మీరు మా జట్టును తీసుకెళ్లారు. బాగా చూసుకున్నారు, ఆ మాట కాదనను. కానీ ఏడాదికి ఒక్క రోజు, అదీ గెలిచి వస్తేనే, అన్నిటికన్నా పెద్ద ఆటకు అది మా ఊరికి తిరిగొస్తుంది. ఆ ఒక్క రోజును కూడా అడుగుతారా?" అన్నాడాయన.

మా వాడు జవాబు చెప్పలేదు. రైలు ముర్రే నది వంతెన దాటి విక్టోరియాలోకి ప్రవేశించింది. బ్రిస్బేన్ కథ కూడా అలాంటిదేనని ఆయనే గుర్తు చేశాడు. మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్ జట్టు 1996 సీజన్ ముగిశాక బ్రిస్బేన్ బేర్స్‌లో విలీనమై లయన్స్ అయింది. అంటే శనివారం నాడు తలపడే జట్లు రెండింటికీ మెల్‌బోర్న్ పేటల్లో వేళ్లున్నాయి. మూడో ఊరు అని పొద్దున నేను అనుకున్న మాటను సాయంత్రానికి వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

సొంత మైదానం బలం గురించి నాకూ కొంత అనుభవం ఉంది. 2016 ఐపీఎల్ ఫైనల్ బెంగళూరులో జరిగింది. బెంగళూరు జట్టు తన సొంత జనం ముందు ఆడింది. అయినా మన సన్‌రైజర్స్ 8 పరుగులతో గెలిచింది. 2019లో చెన్నైలో కొన్ని గ్యాలరీలకు అనుమతి దొరకక ఫైనల్ హైదరాబాదుకు మారితే, మన జట్టు లేని ఆ మ్యాచ్‌కు నేను ఉప్పల్ వెళ్లాను. ముంబయి ఒక్క పరుగుతో గెలిచింది. అంత గొప్ప ఆట మన ఊరికి అనుకోకుండా వచ్చి పడినందుకు సంతోషించానే గానీ, ఆ ఫైనల్‌కూ ఉప్పల్‌కూ ఏ బంధమూ ఏర్పడలేదు. మరుసటి ఏడాది అది ఇంకెక్కడికో వెళ్లింది. ఊరూరూ తిరిగే ఫైనల్‌కు సౌకర్యాలు ఎన్ని ఉన్నా, మేడారానికి బండి కట్టుకుని వెళ్లినట్టు జనం వెళ్లే చోటు ఒకటి ఉండదు. ఎంసీజీకి ఆ స్థానం ఉంది. 1902లో అక్కడ తొలి గ్రాండ్ ఫైనల్ జరిగింది. 1970లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ ఆడినప్పుడు 1,21,696 మంది చూశారు. యుద్ధకాలంలో నాలుగేళ్లు వేరే మైదానాలకు వెళ్లింది. 1991లో గ్యాలరీ కొత్తగా కడుతుండడంతో వేవర్లీ పార్కుకు మారింది. ప్రతిసారీ తిరిగొచ్చింది.

శుక్రవారం నాడు మెల్‌బోర్న్‌లో ఊరేగింపు చూశాం. విక్టోరియా రాష్ట్రంలో గ్రాండ్ ఫైనల్ ముందు రోజు 2015 నుంచి ప్రభుత్వ సెలవు, అందుకే పిల్లలను భుజాలకెత్తుకుని కుటుంబాలు కుటుంబాలుగా వచ్చాయి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఆ రాత్రి జరిగిన సంభాషణ. మేము దిగింది రిచ్‌మండ్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో. భోజనానికి వచ్చిన అతని పొరుగువాడు జీలాంగ్ జట్టు అభిమాని. జీలాంగ్ మెల్‌బోర్న్‌కు గంట ప్రయాణం దూరంలో ఉన్న వేరే నగరం. దానికి 40,000 మంది పట్టే కార్డీనియా పార్కు అనే సొంత మైదానం ఉంది. అయినా ఫైనల్స్‌లో "సొంత" మ్యాచ్ దక్కినప్పుడు దాదాపు ప్రతిసారీ ఆ జట్టును ఎంసీజీకి పంపుతారు. 2017లో జీలాంగ్ రెండో స్థానంలో నిలిచి ఆతిథ్య హక్కు సంపాదిస్తే, ఆ మ్యాచ్‌ను ప్రత్యర్థి రిచ్‌మండ్ నిత్యం ఆడే ఎంసీజీలోనే పెట్టారు. జీలాంగ్ 51 పాయింట్లతో ఓడింది. కార్డీనియా పార్కులో అప్పటిదాకా జరిగిన పురుషుల లీగు ఫైనల్స్ మ్యాచ్ ఒక్కటే, 2013లో. దాంట్లో ఫ్రీమాంటిల్ చేతిలో ఓడిపోయారన్నది వేరే సంగతి. ఎక్కువమంది చూడాలన్న కారణం చూపి ఒక ఊరు సంపాదించుకున్న హక్కును తీసేయడం నాకు న్యాయమనిపించలేదు.

ఇదే అన్యాయం ఒకప్పుడు ఇంకా పెద్దదిగా ఉండేది. గ్రాండ్ ఫైనల్‌కు ముందు వారం జరిగే ప్రిలిమినరీ ఫైనల్స్‌లో ఒకటైనా ఎంసీజీలో జరిగి తీరాలన్న పాత ఒప్పందం వల్ల, 2004లో రెండో స్థానంలో ఉన్న బ్రిస్బేన్ తన గాబా మైదానాన్ని వదిలి మెల్‌బోర్న్ వచ్చి జీలాంగ్‌తో ఆడవలసి వచ్చింది. 9 పాయింట్లతో గెలిచింది గానీ మరుసటి వారం గ్రాండ్ ఫైనల్ కోసం మళ్లీ అంత దూరమూ ప్రయాణించి పోర్ట్ అడిలైడ్ చేతిలో ఓడింది. ఆ నియమం తర్వాత సడలింది. గ్రాండ్ ఫైనల్ ఒప్పందం మాత్రం బిగిసింది. 2018లో విక్టోరియా ప్రభుత్వం మైదానాల అభివృద్ధికి సుమారు 50 కోట్ల డాలర్లు ప్రకటించగా, గ్రాండ్ ఫైనల్ 2057 దాకా ఎంసీజీదే అయింది. కోవిడ్ వల్ల 2020లో బ్రిస్బేన్‌కు, 2021లో పెర్త్‌కు వెళ్లిన రెండేళ్లకు బదులుగా గడువును 2059కి పెంచారు. పెర్త్‌లో ఆ ఏడాది మెల్‌బోర్న్ జట్టు 1964 తర్వాత తొలిసారి గెలిచింది. 57 ఏళ్లు ఎదురుచూసిన దాని అభిమానులు లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూర్చుని టీవీలో చూశారు. మైదానం మారితే ఎవరు నష్టపోతారో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

నా అభిప్రాయం ఆ రాత్రే స్థిరపడింది. గ్రాండ్ ఫైనల్ ఎంసీజీలోనే ఉండాలి. లక్ష మంది కూర్చునే చోటు, వందేళ్లకు పైబడిన జ్ఞాపకం ఇంకెక్కడా లేవు. మిగిలిన ఫైనల్స్ అన్నీ, గ్యాలరీ ఎంత చిన్నదైనా, హక్కు సంపాదించిన జట్టు ఇంట్లోనే జరగాలి. కానీ నలభై ఏళ్ల ఒప్పందం మాత్రం తప్పు. ఎంసీజీకి అంత యోగ్యత ఉన్నప్పుడు పదేళ్లకోసారి దాన్ని అందరి ముందూ నిరూపించుకోవడానికి ఎందుకు వెనుకాడాలి? "2059లో నాకు 51 ఏళ్లు వస్తాయి" అని మా వాడు లెక్కకట్టి చెప్పినప్పుడు భోజనాల బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు ఆట మొదలైంది. మైదానం ఆ ఇంటికి పది నిమిషాల నడక. బాల్కనీ తలుపు తెరిచి ఉంచి టీవీ ముందు కూర్చున్నాం. మొదటి గోల్ దగ్గర ఒక వింత గమనించాను. టీవీలో ఆటగాడు ఇంకా బంతి చేతిలో పట్టుకుని పరుగు మొదలుపెట్టకముందే, బయట నుంచి లక్ష గొంతుల హోరు గాలిలో వచ్చి గదిని నింపేసింది. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తోంది. అప్పటి నుంచి మా వాడు తెర వైపు చూడడం మానేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. హోరు ఏ జట్టుదో రంగు చూడకుండానే పోల్చుకోవడం నేర్చుకున్నాడు. రెండో క్వార్టర్‌లో వరసగా వచ్చిన హోరుల్లో తనది లేదని వాడికి మాకన్నా ముందే తెలిసిపోతూ వచ్చింది. సగం ఆట అయ్యేసరికే బ్రిస్బేన్ అందనంత ముందుకు వెళ్లింది, చివరకు 120-60తో గెలిచింది. ఐదో స్థానంలో ఉండి, ముందరి రెండు వారాలూ ప్రత్యర్థుల గడ్డ మీద గెలిచి వచ్చిన జట్టు అది. మైదానం వల్లే ఓడామని ఆ సాయంత్రం స్వాన్స్ అభిమాని ఒక్కరు కూడా అనగా నేను వినలేదు.

నేను హైదరాబాదు తిరిగొచ్చాక, డిసెంబరు 28న, అదే ఎంసీజీలో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా, మన హైదరాబాదు సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు. ఆ తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి శతకం పూర్తి చేశాడు. గ్యాలరీలో అతని తండ్రి చేతులు జోడించి ఏడుస్తున్నాడు. కాసేపటికి సిడ్నీ నుంచి ఫోన్ వచ్చింది. "మావయ్యా, ఈ టెస్టు ప్రతి ఏడాదీ మెల్‌బోర్న్‌లోనే ఎందుకు అని మేం ఎవరమూ అడగం, గమనించారా? ఎందుకంటే కొత్త సంవత్సరం టెస్టు మాది" అన్నాడు. జనవరి 3న మొదలయ్యే ఆ టెస్టుకు వాడి దగ్గర టిక్కెట్టు ఉంది. ఇంటి నుంచి సెంట్రల్ దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి ట్రామ్.