నా అనుభవం: ‘వివరాలు తెలియవు’ అని రాసిన పద్దెనిమిది పేర్లు

కర్నూలులో 1977లో బీయస్సీలో చేరి 1980లో పరీక్షలు రాసి బయటికొచ్చిన మా తరగతి ఆడపిల్లలం పోయిన ఆదివారం సి క్యాంపులో ఒక స్నేహితురాలి ఇంట్లో కలిశాం. తిరిగి తిరిగి పట్టిన కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. తగ్గకముందే రాయాలని కూర్చున్నాను.

మా తరగతి మగపిల్లలు ఎప్పుడో వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నారు. ఏటా ఒకసారి కలుస్తారు, మనవళ్ల ఫొటోలు చూపించుకుంటారు, ఎవరికైనా గుండె ఆపరేషన్ అయితే తలా ఇంత వేసుకుని సాయం చేస్తారు. మంచి పనే. వాళ్లలో ఒకాయన బజారులో కనిపించి తాము తయారుచేసిన జాబితా చూపించాడు. మగవాళ్ల పేర్ల ఎదురుగా ఉద్యోగం, ఊరు, ఫోను నంబరు ఉన్నాయి. పద్దెనిమిది మంది ఆడపిల్లల పేర్ల ఎదురుగా మాత్రం ‘వివరాలు తెలియవు’ అని ఉంది. నా పేరు ఎదురుగా కూడా అదే! నేను ఇదే ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. ఆ గ్రూపులో ఉన్నవాళ్లలో ఇద్దరి పిల్లలు పదో తరగతి లెక్కలు నా దగ్గరే నేర్చుకున్నారు. ఆ పద్దెనిమిది గళ్లూ నేనే నింపుతానని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఉద్యోగం చేసినవాళ్లు వెంటనే దొరికారు. టీచర్లు, బ్యాంకులో చేసినవాళ్లు, టెలిఫోన్ శాఖలో చేసినావిడ, అందరూ పింఛనుదారుల సంఘాల ద్వారా ఒకటి రెండు ఫోన్లతోనే తేలారు. ఉద్యోగం చేయనివాళ్లే కాగితాల్లో ఎక్కడా చిక్కరు.

ఎందుకు చిక్కరో వివరంగా చెబుతాను, వెతికేవాళ్లకు పనికొస్తుంది. కాలేజీ రిజిస్టరులో ఆడపిల్ల పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. ఓటర్ల జాబితాలో భర్త పేరు ఉంటుంది. తండ్రి ఊరి పాత ఓటర్ల జాబితాలో చూద్దామంటే అక్కడా ఉండదు, ఎందుకంటే మా రోజుల్లో ఓటు హక్కు 21 ఏళ్లకు వచ్చేది. దాన్ని 18కి తగ్గించింది 1989లో. డిగ్రీ అయిన ఏడాదే, ఇరవై ఏళ్లకే పెళ్లయి వెళ్లిపోయిన పిల్ల పుట్టింటి ఊళ్లో ఓటరే కాలేదు.

కాలేజీ ఆఫీసులో అడిగితే, ‘మీరు వాళ్లకు ఏమవుతారు?’ అన్నారు. స్నేహితురాలినంటే ఆ గుమస్తా తల కూడా ఎత్తలేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు చేస్తే, వ్యక్తిగత సమాచారం ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. ఆ దారిలో వెళ్లకండి. ఆ కాలేజీలోనే రిటైరైన అటెండరు ఒకాయన టీ తాగుతూ చెప్పిన సంగతులు ఆఫీసు మొత్తం కలిసి చెప్పలేకపోయింది.

తండ్రి పేరు, భర్త పేరు ఒకే కాగితం మీద ఉండేది ఒక్క శుభలేఖలోనే. ఈ సంగతి నాకే తట్టింది, ఇది నేను గర్వంగానే చెబుతాను. అమ్మాయి తండ్రి పేరు, ఊరు, అబ్బాయి పేరు, అతని తండ్రి పేరు, ఊరు, ముహూర్తం తేదీ, అన్నీ అందులో ఉంటాయి. మా అమ్మ తనకు వచ్చిన ప్రతి శుభలేఖనూ పెట్టెలో దాచేది. కానీ ఆ పెట్టె పాతబస్తీ ఇంట్లో ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీద పడ్డప్పుడు ఆ ఇంటితో పాటు అదీ మునిగింది. బురదలోంచి తీసి ఆరబెట్టిన కార్డుల్లో అక్షరాలు మిగిలినవి కొన్నే. ఇక ఆదోనిలో, నంద్యాలలో, ఎమ్మిగనూరులో స్నేహితురాళ్ల ఇళ్ల అటకలన్నీ దింపించాను. మా గ్రూపు ఫొటో కూడా ఆదోని అటక మీదే దొరికింది. దయచేసి మీ ఇంట్లో పాత శుభలేఖలు చిత్తుకాగితాల కింద అమ్మేయకండి.

ఇంత చేసినా ఒకామె దొరకలేదు. మా తరగతిలో కెమిస్ట్రీలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవే. నా ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఆమె రాసిన చిరునామా చక్కగా ఉంది, కానీ ఆ ఊరే లేదు. నందికొట్కూరు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. వాటిలో ఆమె ఊరూ ఒకటి.

మునిగిన ఊరి మనుషుల్ని ఎక్కడ వెతకాలి? నిర్వాసితుల కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేసినవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఎటు వెళ్లారు అన్నది వాళ్లకు నోటికి వచ్చు, ఎందుకంటే అది నిరూపించుకోవడమే వాళ్ల బతుకైపోయింది. నందికొట్కూరులో అలాంటి పెద్దాయన ఒకరు, నేను తండ్రి పేరు చెప్పగానే, ‘ఆ ఇంటి పిల్లను ప్రొద్దుటూరుకు ఇచ్చారమ్మా. ఊరు మునిగేలోపు సొంత ఇంట్లో పందిరి వేయాలని తొందరపడి చేశారు’ అన్నాడు. ఆమె కొడుకు అంగడి నంబరు కూడా సంపాదించి ఇచ్చాడు. ఆయనకు ఇంకా ఉద్యోగం రాలేదు, వయసూ దాటిపోయింది. నా పని మాత్రం చేసిపెట్టాడు.

ఫోను చేస్తే కొడుకు ఎత్తాడు. మీ అమ్మగారి స్నేహితురాలిని, కలిసి డిగ్రీ చదివాం అన్నాను. ‘మా అమ్మ డిగ్రీ చదవలేదు. రాంగ్ నంబరు’ అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే, ‘చీటీలా, ఇన్సూరెన్సా? ఏదైనా మాకు వద్దు’ అన్నాడు. ఆ తరువాత నా నంబరే బ్లాక్ చేశాడు.

సరే, నేనే వెళ్లాను. ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి ఆధార్ చూపించి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా వెళ్లాను. ఇల్లు పెద్దదే, గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. కోడలు బయటికి వచ్చింది.

‘ఏ కంపెనీ తరఫున వచ్చారు?’

‘కంపెనీ కాదమ్మా. మీ అత్తగారితో కలిసి చదువుకున్నాను. కర్నూలు నుంచి వచ్చాను.’

‘మా అత్త చదువుకోలేదు.’

‘బీయస్సీ చదివింది. నా పక్కనే కూర్చునేది.’

‘ఆధార్ చూపించండి.’

గేటు కమ్మీల మధ్య నుంచి ఇచ్చాను. ఫోనుతో దాన్ని ఫొటో తీసింది, నన్నూ ఫొటో తీసింది, రెండూ మొగుడికి పంపింది. జవాబు వచ్చేదాకా నేను ఎండలో నిలబడ్డాను. ఎదురింటి వాళ్లు అరుగు మీదికి వచ్చి చూస్తున్నారు. కనీసం నీడలోకి రమ్మనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. రోజూ మోసాల ఫోన్లు వస్తున్నాయి, నిజమే, జాగ్రత్త ఉండాలి. కానీ వాకిట్లో నిలబడ్డ తెల్లజుట్టు మనిషికి ఒక గ్లాసు నీళ్లు ఇస్తే పోయే ఆస్తి ఏదీ ఉండదు. ఇంతలో కొడుకు స్పీకర్ ఫోనులో, ‘ఆమెను పంపించేయ్. మా అమ్మకు కర్నూలులో ఎవరూ లేరు’ అన్నాడు. నేను వినాలనే గట్టిగా అన్నాడు.

నలభై మంది పిల్లలున్న గదిలో వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు నాది. గేటు పట్టుకుని లోపలికి వినిపించేలా ఆమె పేరు పెట్టి పిలిచాను. కోడలు అరవవద్దంది. ఇంకా గట్టిగా ఆమె రోల్ నంబరు పిలిచాను. మా మేడం హాజరు పేర్లతో కాదు, నంబర్లతో పిలిచేది. ‘ముప్పై ఏడు!’

పెరటి వైపు నుంచి ‘ప్రెజెంట్ మేడం’ అని వినిపించింది. తడి చేతులతో పరుగున వచ్చి, ‘ఏమే, నువ్వా?’ అని కోడలి చేతిలోంచి తాళంచెవి తీసుకుని గేటు తనే తీసింది.

కొడుకు అంగడి నుంచి వచ్చేసరికి నేను గ్రూపు ఫొటో బల్ల మీద పెట్టాను. చాలాసేపు దానివైపు చూసి, ‘అమ్మా, నువ్వు డిగ్రీనా? మాకెప్పుడూ చెప్పలేదే’ అన్నాడు. ‘మీరెప్పుడూ అడగలేదు’ అంది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనలేదు. అత్తవారింట్లో భర్త ఇంటర్ తప్పాడట. కోడలి చదువు నలుగురిలో ఎత్తవద్దని పెళ్లిలోనే మామగారు చెప్పాడట. పిల్లలు పుట్టాక కూడా అదే అలవాటైపోయింది. కొడుకు పదో తరగతిలో ఫిజిక్స్ కోసం ట్యూషన్‌కు వెళ్తుంటే, ఆమె వంటింట్లో ఉండి వినేదట.

మగపిల్లలకు ఒక మాట చెప్పాలని ఉంది. మీ అమ్మ ఏం చదివింది, ఏ కాలేజీలో చదివింది, అక్కడ ఆమె పక్కన ఎవరు కూర్చునేవారు, ఈ సంగతులు మీకు తెలియకపోతే ఈ రాత్రే అడగండి. మీ నాన్న మిత్రులు పండక్కి ఇంటికి వస్తే వడలు వేసిపెట్టిన మనిషికి కూడా మిత్రులు ఉంటారు. ఆ అబ్బాయి నన్ను క్షమాపణ అడిగాడు, ఒప్పుకున్నాను. కోడలిని మాత్రం నేను ఇంకా క్షమించలేదు.

ఇలా వెతికేవాళ్లు ఆ తరం ఆడవాళ్ల ఇళ్లకు మధ్యాహ్నం పూట, కొడుకులు అంగళ్లలో ఉన్నప్పుడు ఫోను చేయండి. గ్రూపు, మీటింగు, చందా అనే మాటలు మొదట ఎత్తకండి. పుట్టింటి ఊరి పేరు ఎత్తండి, గొంతు వెంటనే మారుతుంది.

ఆదివారం పదకొండు మంది వచ్చారు. పద్దెనిమిది మందిలో ఇద్దరు పోయారని తెలిసింది. ముగ్గురు పిల్లల దగ్గర దూరదేశాల్లో ఉండి ఫోనులో మాట్లాడారు. ఉగ్గాని, బజ్జీలు తింటూ మోకాళ్ల గురించి, షుగర్ గురించి, మనవరాళ్ల గురించి చెప్పుకున్నాం. ఇద్దరు భర్తలు పోయాక ఒంటరిగా ఉంటున్నారు, వాళ్లకు రోజూ ఎవరో ఒకరు ఫోను చేయాలని వంతులు వేసుకున్నాం. ప్రొద్దుటూరు ఆమె జగన్నాథగట్టు వెళ్లాలంది, వెళ్లాం. ముంపు నుంచి తరలించిన రూపాల సంగమేశ్వర ఆలయం అక్కడే ఉంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న శివరాత్రికి ఆమెను తీసుకువెళ్లిన గుడి అదే. గోడ మీద బొమ్మలు చూపిస్తూ, ఇది ఇటు వైపు ఉండేది, అది అటు వైపు ఉండేది అని మాకు చెబుతూనే ఉంది.

ఆమె దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంది. అసలు పట్టా తీసుకోనేలేదు. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో. మా కాలానికి తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయమే పట్టా ఇవ్వాలి. దరఖాస్తు సంగతి నేను చూస్తానన్నాను, కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

ఇక మిగిలింది ఇద్దరు. ఒకామె తండ్రి గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. అక్కడి రిటైరైన ఉద్యోగులను కలవడానికి వచ్చే వారం వెళ్తున్నాను. ప్రొద్దుటూరు ఆమె కూడా వస్తానంది. కొడుకు కారులో దింపుతానంటే వద్దని, బస్సులోనే వస్తానని చెప్పింది. రెండో ఆమె జాడకు ఇప్పటికి ఒకే ఆధారం ఉంది. ఎమ్మిగనూరు అటకలో దొరికిన శుభలేఖలో వరుడి ఊరు బళ్లారి అని ఉంది, వీధి పేరు మాత్రం చెదలు తినేసింది.