కొత్త కంప్యూటర్లో పాత స్ప్రెడ్‌షీట్లు

ముందు అసలు ఫైల్‌ను ముట్టుకోకండి, కాపీ తీసుకుని దానిమీదే ప్రయోగాలు చేయండి. ఎక్స్‌ఎల్‌ఎస్ (.xls, పాత ఎక్సెల్ రకం) ఫైళ్లు కొత్త ఎక్సెల్‌లో సాధారణంగా తెరుచుకుంటాయి. ఎక్సెల్ 97 కంటే ముందు వెర్షన్లవైతే భద్రత పేరుతో ఆగిపోవచ్చు. అప్పుడు ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, ఫైల్ బ్లాక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ రకానికి ఎదురుగా ఉన్న టిక్ తీసేయాలి. పని కాగానే మళ్లీ పెట్టేయండి. ఆ అడ్డు ఊరికే పెట్టింది కాదు.

లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ ఫైళ్లను ఎక్సెల్ 2007 నుంచే తెరవడం మానేసింది. వాటికి ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ మేలు. అందులో తెరిచి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (.xlsx, ఇప్పటి ఎక్సెల్ రకం)గా సేవ్ చేసి, మొత్తాలు పాతవాటితో సరిచూసుకోండి. మాక్రోలు (ఫైల్‌లోనే ఉండి పనులు వాటంతట అవే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్స్‌ఎల్‌ఎస్ అయితే మాత్రం ఎక్సెల్‌లోనే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ (.xlsm)గా సేవ్ చేయాలి, లేకపోతే మాక్రోలు ఎగిరిపోతాయి.

అన్నిటికన్నా చిరాకు తేదీలతో. పాత మ్యాక్ ఫైళ్లు చాలావరకు రోజుల్ని 1904 నుంచి లెక్కిస్తాయి, విండోస్‌వి 1900 నుంచి. ఒకదానిలోంచి మరోదానిలోకి పేస్ట్ చేస్తే తేదీ 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు, జరుగుతుంది. ఎర్రర్ ఏదీ చూపించదు. అంత తేడా కనిపిస్తే ఆ కాలమ్‌కు 1,462 కలపడమో తీసేయడమో చేస్తే సరి.